ఆడితే మీకే తెలుస్తుంది

జనవరి 9

ఇవాళ తమ్ముడికి చెప్పేశాను. చెప్పకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు సంతకాలు పెట్టించుకున్న కాగితాల్లో సగం ఈ ఒక్క ముక్క గురించే, ఆఫీసులో విన్నది ఆఫీసులోనే వదిలి రావాలని. అయినా చెప్పాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరికే అనదు.

అన్నం దగ్గర మొదలైంది. రోజూ మొదలయ్యేదే. మా ఆఫీసులో తయారవుతున్న వీడియో ఆట 'పిచ్చుక' నాలుగో భాగంలో పాత సేవ్‌లు పనిచేస్తాయా అని వాడు అడుగుతాడు. "ఆడితే మీకే తెలుస్తుంది" అంటాను నేను. అది మా ఆఫీసు జవాబు. ఆట విడుదలయ్యేదాకా అభిమానులు ఏమడిగినా నేను రాయాల్సింది అదే. పిచ్చుకకి కొత్త రంగేశారా అన్నా అదే, ఇంజన్ చప్పుడు మారిందా అన్నా అదే. వాడు చేతులు కట్టుకుని "సరే మేడమ్" అంటాడు. ఇద్దరం నవ్వుకుని మళ్లీ కూరలో పడతాం.

ఇవాళ మధ్యలో అమ్మ దూరింది. "అసలేంట్రా ఆ సేవులు? రోజూ అవే గొడవ."

"నువ్వు సీరియల్ చూస్తావు కదమ్మా. ఇదీ అలాంటిదే, కాకపోతే కథ ఎటు పోవాలో ఆడేవాడు తేలుస్తాడు. పిచ్చుక అని ఒక బుల్లి అంతరిక్ష నౌక. దానికి నేను కెప్టెన్ని. రెండో భాగం చివర్లో మంచు చంద్రుడి మీద చిక్కుకుపోతాం. నౌకలో ఒక సీటు తక్కువ. వంటావిడనో, మెకానిక్కునో, ఎవరో ఒకర్ని వదిలేసి రావాలి. నేను మెకానిక్కుని వదిలేశాను. ఆ సంగతి గుర్తుపెట్టుకునే ఫైలే సేవ్. కొత్త భాగం ఆ ఫైలు తీసుకోకపోతే, నిన్న చచ్చిపోయిన మామగారు ఇవాళ కాఫీ తాగుతూ కూర్చున్నట్టుంటుంది."

"మా సీరియల్లో అలా ఒకాయన వచ్చాడ్రా. మేం సర్దుకుపోయాం," అంది అమ్మ.

నేను పొలమారేంత నవ్వాను. తమ్ముడు నవ్వలేదు. "నేను సర్దుకోలేనమ్మా. వాణ్ణి వెనక్కెళ్లి తెచ్చుకోవాలి," అన్నాడు.

ఆ మెకానిక్కు చివరి మాట నాక్కూడా కంఠతా వచ్చు. "మీరు వెళ్లండి కెప్టెన్, నాకు చలి అలవాటే." నాన్న ఆస్పత్రిలో ఉన్న ఆఖరి సాయంత్రం, "నువ్వు ఇంటికెళ్లి పడుకోరా, నాకిక్కడ బాగానే ఉంది" అంటే తమ్ముడు వచ్చేశాడు. తెల్లారేసరికి నాన్న లేడు. ఆ తర్వాత ఏడాది పాటు వాడు గదిలోంచి రాలేదు. అమ్మ కంచం గుమ్మం ముందు పెట్టేది. వాడు సగం తిని మళ్లీ గుమ్మం ముందుకి తోసేవాడు. ఒకరోజు ఆ గదిలోనే కెమెరా పెట్టుకుని, మెకానిక్కుని ఎందుకు వదిలేశాడో తనలో తను చెప్పుకున్నట్టు చెప్పి నెట్‌లో పెట్టాడు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి విన్నారు. ఆ వారమే బయటికొచ్చి అమ్మని టీ అడిగాడు. వాడి ఛానెల్ అలా పుట్టింది. వాడు మెకానిక్కు గురించి మాట్లాడేటప్పుడు మెకానిక్కు గురించే మాట్లాడుతున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు.

అందుకే చెప్పాను. పైగా అది నిజం. ఇవాళ మధ్యాహ్నమే కథల మాస్టారు, మా ఆటకి కథ రాసే పెద్దాయన, నన్ను తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. పాత సేవ్ పెట్టగానే పిచ్చుక మంచు చంద్రుడి మీద దిగింది. తలుపు తెరుచుకుంది. గడ్డం నిండా మంచుతో మెకానిక్కు నిలబడి ఉన్నాడు. మాస్టారి కళ్లలో నీళ్లు. నా కళ్లలోనూ.

"పాతవేవీ తీసేయకు. పనికొస్తాయి. వెనక్కి వెళ్లొచ్చు," అన్నాను తమ్ముడితో.

తమ్ముడు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరితోనైనా అన్నావంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"నాకేమైనా పిచ్చా అక్కా?"


జనవరి 10

తమ్ముడు ఈలవేస్తూ స్నానం చేశాడు. ఈ ఇంట్లో ఈల విని ఎన్నాళ్లయిందో. నేను చేసిందాంట్లో నాకు తప్పేం కనిపించడం లేదు.


జనవరి 18, ఆదివారం

వాడి వీపు విమానం మోత మోగించాలి.

బట్టలు మడతపెడుతున్నాను. గోడ అవతల వాడి లైవ్ నడుస్తోంది. వాడి ఛానెల్ చూసే టీచరమ్మ ఏదో రాసింది కాబోలు, పైకి చదువుతున్నాడు. ఆవిడ అసలు పేరేమిటో ఎవరికీ తెలీదు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైంది. వేళ్లు సరిగా వంగవు. ఒక్కో మీట నొక్కడానికి అవస్థపడుతూనే మూడు భాగాలూ ఆడింది. ఆట మిషను పాతబడిందట, ఇక ఆడేదేముందిలే అని రేపు పక్కింటి వాళ్లకి ఇచ్చేస్తోందట.

"ఇవ్వకండి టీచరమ్మా! మీ పాత సేవ్‌లు అందులోనే ఉన్నాయి. అవి కావాలి."

ఎందుకు బాబూ అని అడిగి ఉంటుంది.

"కావాలంతే. నాకు తెలుసు. నమ్మకమైన చోటు నుంచే తెలిసింది. నా మాట వినండి, వెనక్కి వెళ్లొచ్చు."

మడతపెట్టిన చీర చేతిలో ఉండగానే వాడి గదిలోకి వెళ్లాను. అప్పటికే లైవ్ ఆపేసి, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏమని చెప్పాను నీకు?"

"రేపే ఇచ్చేస్తానందక్కా. ఏం చెయ్యమంటావు మరి? ఇచ్చేశాక చెప్తే ఏం లాభం?"

నేనైనా అదే చేసేదాన్నేమో. చెయ్యను. ఏమో.

"నీ పేరు ఎత్తలేదు. చచ్చినా ఎత్తను," అన్నాడు.


జనవరి 23

అనుకున్నంతా అయింది. పొద్దుట ఆఫీసుకెళ్లేసరికి ఎక్కడ చూసినా ఇదే గోల. వెనక్కి వెళ్దాం, వెనక్కి వెళ్దాం. మా ఆఫీసు టైర్ల గోడౌను పైన. మెట్లెక్కేటప్పుడు రోజూ ఆ రబ్బరు వాసనకి ముక్కు మూసుకుంటాను. ఇవాళ అదీ మర్చిపోయాను.

శుక్రవారం నాడు నేను అభిమానులు ఏమనుకుంటున్నారో ఒక పేజీ రాసివ్వాలి. 'వదంతులు' అన్న చోట పాత సేవ్‌ల సంగతి రాశాను. రాయకపోతే అనుమానం వస్తుంది. తారీఖుల మేడమ్ చదివింది. ఆట మొత్తం ఆవిడ చేతిలో ఉంటుంది. నమస్కారం పెట్టినా విడుదలకి ఎన్ని వారాలుందో చెప్పి ప్రతినమస్కారం చేసే మనిషి.

"ఇది ఎవరు మొదలుపెట్టారు?"

"ఎవడో కుర్రాడండీ. ఛానెల్ ఉంది."

"తెలివైన కుర్రాడు. నిజమే కదా. ప్రస్తుతానికి ఏమీ అనొద్దు, ఉచితంగా ప్రచారం చేస్తున్నాడు," అంది.

ఊపిరి పీల్చుకున్నాను. ఎవడో కుర్రాడండీ. బానే వచ్చింది నోట్లోంచి.


ఫిబ్రవరి 11

తమ్ముడు క్షవరం చేయించుకొచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. అమ్మ వాడి చుట్టూ తిరిగి చూసి, "మా నాయనే" అని మెటికలు విరిచింది.

వాడి ఛానెల్ వాళ్లు రోజూ బొమ్మలు గీసి పంపుతున్నారు. మంచు గడ్డంతో మెకానిక్కు, తలుపు దగ్గర చెయ్యి చాచిన కెప్టెన్. ఆ కెప్టెన్ మొహం తమ్ముడిది. టీచరమ్మ మళ్లీ మొదటి భాగం నుంచి ఆడటం మొదలుపెట్టిందట. ఆవిడ కిందటిసారి వంటావిడని వదిలేసిందట, ఆవిణ్ణి తెచ్చుకునే ముందు పాత విషయాలన్నీ సరిచూసుకుంటుందట. సాయంత్రాలు తమ్ముడు ఫోన్లో, "ఆ మీట కాదు టీచరమ్మా, దాని కిందది" అని చెబుతూ ఉంటాడు. ఎంత ఓపికో. నాకు రిమోట్ వెతికిపెట్టమంటే మాత్రం విసుక్కుంటాడు.

ఇంట్లో మళ్లీ మనుషులున్నట్టుంది. ఇదంతా నా చలవే. పైకి అనలేను గానీ ఇక్కడ రాసుకోవచ్చు కదా.


మార్చి 4

తీసేశారు.

పొద్దున్నే అందర్నీ పెద్ద గదిలోకి పిలిచారు. పాత భాగాలు ఒకరు ఆడినట్టు ఇంకొకరు ఆడరు కదా. ఒకరు వంటావిడని వదిలేశారు, ఒకరు మెకానిక్కుని. ఒకరి నౌకలో పిల్లి బతికి ఉంది, ఇంకొకరి నౌకలో చచ్చిపోయింది. అన్నీ కలిపి చూస్తుంటే ఆట ఎక్కడపడితే అక్కడ ఆగిపోతోందట. సరిచేయాలంటే ఇంకో ఏడాది. తారీఖుల మేడమ్ తారీఖు చెప్పింది. అది కదలదంది.

"వీళ్లు ఎదురుచూస్తున్నది దీనికోసమేనమ్మా. కొత్త తుపాకులకీ కొత్త గ్రహాలకీ కాదు," అన్నాడు కథల మాస్టారు.

"ఎదురుచూడమని మనం చెప్పలేదు కదండీ," అంది.

మాస్టారు లేచి వెళ్లిపోయాడు. కుర్చీ కిందపడింది. ఎవరూ ఎత్తలేదు. చివరికి నేనే ఎత్తాను.

ఆట మొదట్లో ఒక ప్రశ్న పెడతారట. మంచు చంద్రుడి మీద ఎవర్ని వదిలేశారని. రెండు బొమ్మలు. ఏది నొక్కినా తర్వాత ఎక్కడో ఒకచోట ఒక మాట మారుతుంది. అంతే. వెనక్కి వెళ్లడం లేదు.


మార్చి 5

తమ్ముడికి చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిది. ఒకసారి నోరు జారి ఎంత పనయిందో చూశాను కదా. ఈసారి బుద్ధి తెచ్చుకున్నాను.


మార్చి 8

పైగా మాస్టారు పైవాళ్లతో మళ్లీ మాట్లాడతానన్నాడు. మారొచ్చు. మారకముందే వాణ్ణి కంగారుపెట్టడమెందుకు?


మార్చి 15

మారలేదు.

అన్నం దగ్గర తమ్ముడు అడిగాడు. "అక్కా, ఊరికే అడుగుతున్నాను, ఇంకోలా ఏం లేదు కదా? జనం మరీ ఆశపెట్టుకుంటున్నారు. నాకే భయమేస్తోంది. ఏమైనా మారితే ఇప్పుడే చెప్పు, నేనే మెల్లగా నచ్చచెప్పుకుంటాను."

అమ్మ నా కంచంలో కూర వేస్తోంది. నేను కంచంలోకే చూస్తూ, "ఆడితే మీకే తెలుస్తుంది," అన్నాను.

వాడు పకపకా నవ్వి, "సరే మేడమ్!" అన్నాడు.

నవ్వాడు. నేనేం చెయ్యను?


ఏప్రిల్ 2

ప్రకటన ఇవాళ వెళ్లింది. రాసింది నేనే. అది నా ఉద్యోగం, నేను కాకపోతే ఇంకెవరో రాసేవాళ్లు, ఇంకా కటువుగా రాసేవాళ్లు.

"నాలుగో భాగంలో పాత సేవ్‌లు వాడుకునే వీలు లేదు. ఈ విషయమై ప్రచారంలో ఉన్నది వదంతి మాత్రమే. మా సంస్థ నుంచి అలాంటి హామీ ఎన్నడూ వెళ్లలేదు."

ఒక్క ముక్క అబద్ధం లేదు. వదంతే కదా. మా ఇంట్లో అన్నం దగ్గర అన్న మాట సంస్థ హామీ ఎలా అవుతుంది? తారీఖుల మేడమ్ చదివి, "చాలా శుభ్రంగా ఉంది" అంది.

ఇంటికెళ్లేసరికి తమ్ముడు హాల్లో నిలబడి ఉన్నాడు. ఫోన్ చేతిలో ఉంది.

"ఇది నువ్వు రాశావా?"

"నా పనిరా అది."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొన్నీమధ్యే."

"నేను అడిగిన రోజుకి తెలుసా?"

చెప్పులు విప్పుకోవడానికి వంగాను. పైకి లేచేసరికి వాడు గదిలోకి వెళ్లిపోయాడు. తలుపు మాత్రం వేసుకోలేదు. తలుపు తీసే ఉంది.


ఏప్రిల్ 4

నెత్తిన పెట్టుకున్నవాళ్లే నేలకేసి కొడుతున్నారు. అవన్నీ చదవడమే నా ఉద్యోగం కాబట్టి పొద్దుట్నుంచీ చదువుతూనే ఉన్నాను. అబద్ధాల కెప్టెన్ అంటున్నారు. చూసేవాళ్ల కోసం కట్టుకథలల్లాడు అంటున్నారు. ఎవరు చెప్పారో పేరు బయటపెట్టు, లేదా కల్పించానని ఒప్పుకో అంటున్నారు. మెకానిక్కుని కాదు, నిన్ను వదిలేసి రావాలిరా ఆ చంద్రుడి మీద అని ఒకడు రాశాడు. దాని కింద వేలమంది చప్పట్లు.

వీళ్లే బొమ్మలు గీసి పంపింది. నేను గుర్తుపట్టాను.

తమ్ముడు ఎవరికీ జవాబివ్వడం లేదు. బాగానే ఉన్నాడు. ఇవాళ టీ తాగాడు.


ఏప్రిల్ 9

ఆఫీసులో వాళ్లు మాస్టారి మీద పడ్డారు. ఆ వెనక్కి వెళ్లే కథ రాసింది ఆయనే. తీసేస్తే గొడవపడిందీ ఆయనే. కాబట్టి బయట చెప్పిందీ ఆయనే అయ్యుంటాడని తేల్చేశారు. రేపట్నుంచి రావద్దన్నారు. విచారణ అయ్యాక సంగతి చెబుతారట. ఆయన తన టీ కప్పు, కుర్చీ మీద వేసుకునే తువ్వాలు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా బల్ల పక్కనుంచే వెళ్లాడు. నేను ఫోన్ మాట్లాడుతున్నట్టు చెవి దగ్గర పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఎందుకు చెప్పానో తెలీదు. అన్నం దగ్గర చెప్పాను. కడుపులో పెట్టుకోలేకపోయాను.

తమ్ముడు ముద్ద పక్కనపెట్టి, నా మొహంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. వాడు దేనికోసం ఆగాడో నాకు తెలుసు. అమ్మకీ తెలుసు, ఆవిడ కూడా గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క మాట అంటే చాలు. రేపు వెళ్లి చెప్పేస్తాను, చెప్పింది నేనని. ఇంతే. ఇంత చిన్న మాట.

"ఇల్లు గడవాలి కదరా," అన్నాను.

"గడవాలి," అన్నాడు తమ్ముడు. "నువ్వు తిను అక్కా, చల్లారిపోతోంది."

కంచం తీసుకెళ్లి కడిగి, బోర్లించి, గదిలోకి వెళ్లాడు.


ఏప్రిల్ 10

వీడియో పొద్దున్నే పెట్టాడు. నేను బస్సులో చూశాను. పక్కనావిడ నా భుజం మీద చెయ్యివేసి ఏమ్మా అని అడిగేదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలీలేదు.

ఆ కొత్త చొక్కానే వేసుకున్నాడు. నేరుగా కెమెరాలోకి చూస్తూ చెప్పాడు.

"నాకెవరూ ఏమీ చెప్పలేదు. నేనే కల్పించాను. ఆ ఆఫీసులో నాకెవరూ తెలీదు. నా మాట నమ్మిన మీ అందరికీ క్షమాపణలు. దయచేసి ఇందులోకి ఇంకెవర్నీ లాగకండి."

అంతే. నిమిషం కూడా లేదు. చివర్లో కెమెరా ఆపడానికి ముందుకి వంగినప్పుడు వాడి మొహం దగ్గరగా వచ్చింది. అచ్చం నాన్నలా ఉన్నాడు.

ఆఫీసులో తారీఖుల మేడమ్ చప్పట్లు కొట్టింది. "చూశారా, నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, ఎవడో కుర్రాడని," అంది.

అన్నది నేను, ఆవిడ కాదు.


ఏప్రిల్ 11

టీచరమ్మ ఒకే ఒక్క మాట రాసింది, తిట్టు కాదు. "నువ్వు చెప్తే నమ్మాను బాబూ."

వాడు చూశాడో లేదో. చూడకుండా ఉంటే బాగుండును.


ఏప్రిల్ 12

గుమ్మం ముందు కంచం.


ఏప్రిల్ 13

కంచం.


ఏప్రిల్ 15

అమ్మ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడుతోంది, కానీ పాలు వచ్చాయి, నీళ్లు ఆగిపోయాయి, అంతవరకే. ఇవాళ తలుపు దగ్గర కూర్చుని సీరియల్ కథంతా వాడికి చెబుతోంది. ఆ మామగారు మళ్లీ చచ్చిపోయాడట. లోపల్నుంచి చప్పుడు లేదు. అయినా ఆపకుండా చెబుతూనే ఉంది.


ఏప్రిల్ 27

మాస్టారు ఫోన్ చేశాడు. ఆఫీసువాళ్లు మళ్లీ రమ్మన్నారట, పొరపాటైపోయిందన్నారట. ఈయన రానన్నాడట.

"మీరు రావాలి మాస్టారూ, మీరు లేకపోతే ఎలా?"

"అమ్మాయ్, ఆ రోజు నా కుర్చీ పక్కన నువ్వొక్కదానివే కూర్చున్నావు," అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఆ కుర్రాడెవరో నాకు తెలీదు. ఎప్పుడైనా కనిపిస్తే చెప్పు, మెకానిక్కు పాత్ర నేను రాసినప్పుడు అలాంటి వాణ్ణే మనసులో పెట్టుకుని రాశానని."

కనిపిస్తే చెబుతానన్నాను. కనిపిస్తే చెబుతాను అన్నాను నేను. వాడి గది తలుపుకి నాలుగడుగుల దూరంలో నిలబడి.

చెప్పలేదు ఇంకా. చెబితే ఆయనకి తెలిసిందని వాడికి తెలుస్తుంది. వాడు అంత కష్టపడి దాచింది పాడైపోతుంది. వాడి కోసమే చెప్పడం లేదు.


మే 20

మాస్టారు లేడు కాబట్టి ఆ ప్రశ్న నన్ను రాయమన్నారు. అభిమానుల భాష నాకు బాగా తెలుసట. నాలుగైదు రకాలుగా రాశాను. 'ఎవరు ఉండిపోయారు?' అని రాస్తే మెత్తగా ఉందన్నారు. 'ఎవరు త్యాగం చేశారు?' అంటే నాటకంలా ఉందన్నారు. చివరికి ఇది ఖాయమైంది.

మంచు చంద్రుడి మీద మీరు ఎవర్ని వదిలేశారు?

పొట్టిగా, సూటిగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. నాకు పై పోస్టు ఇస్తున్నారు. అమ్మకి చెప్పాను. "మంచిదే," అంది.


జూన్ 14

తమ్ముడు బాగానే ఉన్నాడు. ఇవాళ సగం కంటే ఎక్కువే తిన్నాడు.


జులై 2

బాగానే ఉన్నాడు.


జులై 30

వానపడుతుంటే వాడి గది కిటికీ తలుపులు కొట్టుకుంటున్నాయి. లేచి వేసుకోవడం లేదు. బయటినుంచి గొడుగేసుకుని వెళ్లి నేనే మూశాను. లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు. ఇటు తిరిగి నన్ను చూశాడు. "తడిసిపోతావక్కా," అన్నాడు అద్దం అవతల్నుంచి. పెదాల కదలికని బట్టి అదే అన్నాడనుకున్నాను.

చెప్పేయాలి. ఆఫీసులో చెప్పేయాలి, వాడి ఛానెల్‌లో నేనే కూర్చుని చెప్పేయాలి. ఆట విడుదల కానీ. ఇప్పుడు చెబితే వందమంది కష్టం మట్టిలో కలుస్తుంది. విడుదలైన మర్నాడే చెబుతాను.


సెప్టెంబర్ 6

విడుదలైంది. పొద్దుట్నుంచీ పొగడ్తలే. కొత్త గ్రహాలు అద్భుతమట, సంగీతం అద్భుతమట. పాత సేవ్‌ల సంగతి ఎవరికీ గుర్తులేదు. వెతికాను. అబద్ధాల కెప్టెన్ అన్నవాళ్లే ఇప్పుడు కొత్త పిల్లికి ఏం పేరు పెట్టాలా అని కొట్టుకుంటున్నారు. టీచరమ్మ ఎక్కడా కనబడలేదు.

ఆఫీసులో అందరికీ తలా ఒక పెట్టె ఇచ్చారు. మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. వాడి తలుపు కొట్టి, "తెచ్చానురా" అన్నాను. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. చాలాసేపయ్యాక తలుపు తెరుచుకుంది. గడ్డం బాగా పెరిగింది. వచ్చి హాల్లో నా పక్కన కూర్చున్నాడు. ఎండ కళ్లల్లో పడుతోందని అమ్మ వచ్చి కర్టెన్ వేసి వెళ్లింది. పెట్టె తెరిచి, ఆట పెట్టి, మీటలపెట్టె వాడి చేతికిచ్చాను.

పిచ్చుక బొమ్మ వచ్చింది. సంగీతం వచ్చింది. తర్వాత నా ప్రశ్న వచ్చింది. ఒక పక్క వంటావిడ, ఒక పక్క మెకానిక్కు.

వాడు చాలాసేపు చూశాడు. తర్వాత మీటలపెట్టె నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వే నొక్కక్కా. నాకు గుర్తులేదు."

"నీకు గుర్తులేకపోవడమేంట్రా? పోనీ పాత సేవ్‌లో చూసుకో."

"తీసేశాను. అన్నీ."

మెకానిక్కు బొమ్మ మీద నొక్కాను. ఆట మొదలైంది. పిచ్చుక గాల్లోకి లేచింది. ఇప్పుడు చెప్పాలి, రేపు వెళ్లి ఒప్పుకుంటానని, మాస్టారు ఏమన్నాడో కూడా చెప్పాలి. నోరు తెరిచాను కూడా. వాడు టీవీ వైపే చూస్తూ, అడిగీ అడగనట్టు అడిగాడు.

"వాణ్ణి ఎక్కడైనా మళ్లీ చూడొచ్చా అక్కా? ఒక్కసారైనా?"

చూడలేం. ఎక్కడా లేడు. ఏడో గ్రహం మీద ఎవరో ముసలాయన, "మీ పాత మెకానిక్కు మంచివాడని విన్నాను" అంటాడు. అదొక్కటే. ఆ మాటా నేను రాసిందే. వాడి మొహంలో ఇంకా ఏదో కొంచెం మిగిలి ఉంది. ఆ కొంచెం నా చేత్తో ఆర్పలేకపోయాను.

"ఆడితే మీకే తెలుస్తుంది," అన్నాను.

వాడు నావైపు తిరిగాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకోలేదు.

"సరే మేడమ్," అన్నాడు.

గదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు. గడియ పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది.

అమ్మ తడిచేతులతో వచ్చి, "ఏమన్నాడే?" అంది.

ఏమీ అనలేదన్నాను.